పెద్దమనుషుల పంచాయితీ నుంచి మధ్యవర్తిత్వ కేంద్రం దాకా: ఉత్తర తెలంగాణలో విడాకుల రాజీ సన్నాహం – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

వివాహ విచ్ఛేదనానికి సంబంధించిన చరిత్ర రచన ఎక్కువగా చట్టాల చుట్టూ, తీర్పుల చుట్టూ సాగింది. ఏ కారణాలపై విడాకులు లభించాయి, భరణం ఎంత నిర్ణయమైంది, పిల్లలు ఎవరి సంరక్షణలోకి వెళ్లారు అనే ప్రశ్నలకు అందులో సమాధానాలు దొరుకుతాయి. తీర్పుకు ముందు మరొక దశ ఉంది. రాజీ కోసం కూర్చోబోయే ఇరుపక్షాలు తమను తాము సిద్ధం చేసుకునే దశ అది. ఏ లెక్కలు తీయాలి, ఏ సాక్షులను పిలవాలి, ఎవరు మాట్లాడాలి, ఎంతవరకు తగ్గాలి అనే నిర్ణయాలు ఆ దశలోనే జరుగుతాయి. ఫలితంలో సగభాగం అక్కడే స్థిరపడుతుంది. అయినా ఈ సన్నాహానికి ప్రత్యేక చరిత్ర ఉందన్న విషయంపై దృష్టి తక్కువగా పడింది.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ పరిశీలనకు అనువైన క్షేత్రాలు. నిజాం రాజ్యంలో 1905 నాటి పునర్వ్యవస్థీకరణతో ఈ రెండు పేర్లతో జిల్లాలు ఏర్పడ్డాయి. 2016 అక్టోబరు 11న జరిగిన విభజనతో ఇవి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విస్తరించాయి. కుల పంచాయితీ, గోండు పంచ్, ఖాజీ వ్యవస్థ, రైతుకూలీ సంఘం, కుటుంబ న్యాయస్థానం అనే అయిదు వేర్వేరు వేదికలు ఒక శతాబ్ది కాలంలో ఈ ప్రాంతపు దంపతుల తగవులను విన్నాయి. వేదిక మారినప్పుడల్లా సన్నాహపు బాధ్యత ఎవరి భుజాల మీద పడింది, ఆ మార్పులో స్త్రీ మాటకు ఏమి జరిగింది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. మాటల్లో దాగిన చరిత్ర

తగవు అనే తెలుగు మాటకు మూలం 'తగు' అనే ధాతువు. ప్రాచీన ప్రయోగాల్లో తగవు అంటే తగినది, న్యాయమైనది. కాలక్రమంలో న్యాయనిర్ణయం కోరే వివాదానికే ఆ పేరు స్థిరపడింది. న్యాయం చెప్పేవానికి తగవరి అనే పేరుండేది. వివాదానికీ, దాని పరిష్కారానికీ ఒకే మాటను వాడే ఈ అలవాటు తెలంగాణ వాడుకలోని 'పంచాయితి'లోనూ కనిపిస్తుంది. ఇద్దరి మధ్య పంచాయితి ఉంది అంటే గొడవ ఉందని అర్థం. పంచాయితి అయింది అంటే పెద్దలు కూర్చుని తేల్చారని అర్థం. గొడవ పుట్టడానికీ పదిమంది ముందుకు రావడానికీ మధ్య ఎడం లేని సమాజ స్వభావాన్ని ఈ మాట పట్టిస్తుంది.

నిజాం పాలనలో ఉర్దూ రాజభాష కావడంతో పారసీక, అరబ్బీ మూలాల పదజాలం ఈ వ్యవహారంలోకి విస్తారంగా ప్రవేశించింది. రాజీ, ఫైసలా, జుర్మానా, జమానతు, ముచ్చలిక వంటివి పల్లె పంచాయితీలలో సహజమైన మాటలయ్యాయి. రాజీ అనే మాటకు మూలార్థం సమ్మతించినవాడు అని. రాజీనామా అంటే మొదట సమ్మతి పత్రమే. అంటే రాజీ అనే భావనకు ప్రాణం సమ్మతి. ఆ సమ్మతి ఎవరిది, దంపతులదా, వారి పెద్దలదా అన్నదే తరువాతి చరిత్ర అంతటినీ నడిపిన ప్రశ్న.

విడిపోవడాన్ని సూచించే మాటల్లోనూ ఇలాంటి విశేషమే ఉంది. తెగతెంపులు అనే మాట బంధం తెగడాన్ని చెబుతుంది. విడుపు కాగితం, వ్యవహారంలో 'ఇడుపు కాయితం', పత్రానికి ప్రాధాన్యం ఇస్తుంది. నోటిమాటగా ముగిసే వ్యవహారం క్రమంగా కాగితం మీదికి ఎక్కిన పరిణామం ఈ రెండు మాటల మధ్య ఇమిడి ఉంది.

2. పెద్దమనుషుల పంచాయితీ: సన్నాహ క్రమం

కులం, వృత్తిసంఘం, గ్రామం తమ తమ తగవులను తామే తీర్చుకోవడం భారతీయ ధర్మశాస్త్ర సంప్రదాయం గుర్తించిన విషయమే. యాజ్ఞవల్క్య స్మృతి రాజు నియమించిన సభతో పాటు పూగ, శ్రేణి, కులాలను న్యాయనిర్ణయ స్థానాలుగా పేర్కొంటుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆధారం చేసుకుని 13వ శతాబ్దిలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం పరస్పర ద్వేషం కారణంగా దంపతులు విడిపోవడానికి, కొన్ని వివాహ రీతుల విషయంలో, అవకాశం ఇచ్చింది. శాస్త్రగ్రంథాల మాట ఎలా ఉన్నా, శ్రామిక కులాల ఆచారంలో విడాకులు, మారుమనువు అపురూపమైన విషయాలు కావు. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన నిజాం రాజ్యపు కులాలు, తెగల సర్వేక్షణ గ్రంథం ప్రతి కులం విషయంలోనూ విడాకులకు, వితంతు పునర్వివాహానికి గల ఆచారాన్ని ప్రత్యేకంగా నమోదు చేయడం ఇందుకు నిదర్శనం.

పంచాయితీకి సిద్ధపడడం అనేది కుటుంబం చేసే పని. మొదటి మెట్టు పెద్దమనుషులను కుదుర్చుకోవడం. ఆడపిల్ల వైపు మేనమామ, కులపెద్ద, మాటకారి అయిన బంధువు ముందు వరుసలో ఉంటారు. మగపిల్లవాని వైపు కూడా అంతే. రెండవ మెట్టు జమానతు. ఇచ్చిన తీర్పుకు కట్టుబడతామనే హామీగా ఇరుపక్షాలు కొంత సొమ్ము పెద్దల వద్ద ఉంచడం అనేక చోట్ల ఆనవాయితీ. మూడవది లెక్క. పెళ్లినాటి కట్నకానుకలు, లాంఛనాలు, సారె, పెట్టిన బంగారం, ఇచ్చిన పశువులు, సామాను జ్ఞాపకం తెచ్చుకుని వరుసగా చెప్పగలగాలి. ఒప్పందం కాగితంపై ఉంటే సరే. లేకపోతే పెళ్లికి కూర్చున్న పెద్దలే ఆ లెక్కకు సాక్షులు. పెళ్లి కుదిర్చిన మధ్యవర్తులే తెగతెంపుల నాడూ మధ్యవర్తులు కావడానికి ఇదొక కారణం. వారి జ్ఞాపకమే ఆనాటి దస్తావేజు.

ఈ క్రమంలో రెండు లక్షణాలు గమనించదగినవి. ఒకటి, విచారణ తప్పు చుట్టూ తిరగడం. తప్పు ఎవరిది అని తేల్చి జుర్మానా వేయడం పంచాయితీ పద్ధతి. అందుచేత సన్నాహం కూడా ఎదుటివారి తప్పులను పోగుచేయడంగానే సాగుతుంది. రెండవది, స్త్రీ హాజరు. ఆమె పేరు మీదనే పంచాయితీ జరిగినా, ఆమె గడప దగ్గరనో, తల్లి వెనుకనో నిలబడి అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పడం సాధారణం. ఆమె కష్టం తండ్రి నోటనో, అన్న నోటనో వినబడుతుంది. ఆ మాట మారే కొద్దీ కష్టం కూడా పరువు సమస్యగా మారుతుంది.

మేనరికపు సంబంధాలలో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. అత్తవారిల్లే తల్లికి పుట్టినిల్లు అయినప్పుడు, కూతురి కాపురం తెగితే తల్లికీ ఆమె తోబుట్టువుకూ మధ్య బంధం కూడా తెగుతుంది. మధ్యవర్తులు ఇరువైపులకూ బంధువులే. అటువంటి చోట రాజీ అంటే చాలాసార్లు కాపురానికి తిరిగి పంపడమే. ఆమె కోరికకన్నా బంధుత్వాల రక్షణకు బరువెక్కువ. అదే సమయంలో, అదే బంధుత్వం ఆమెకు కొంత రక్షణ కూడా. భర్త మాట తప్పితే అడగడానికి ఊరు ఊరంతా సాక్షిగా ఉండేది. పంచాయితీ బలం, బలహీనత ఒకే వేరు నుంచి పుట్టాయి.

ముస్లిం కుటుంబాలలో ఖాజీ, జమాత్ పెద్దలు ఈ పాత్ర వహించారు. భార్యాభర్తల మధ్య చీలిక భయం కలిగినప్పుడు అతని కుటుంబం నుంచి ఒకరిని, ఆమె కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా నియమించాలన్నది ఖురాన్ నాలుగవ అధ్యాయంలోని ఆదేశం. తలాక్ చెల్లాలంటే దానికి ముందు ఇటువంటి రాజీ యత్నం జరిగి ఉండాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. ఇరువైపుల నుంచి సమాన సంఖ్యలో మధ్యవర్తులు అనే ఈ సూత్రం, పల్లె పంచాయితీ కూర్పుకు దగ్గరగా ఉండడం గమనార్హం.

3. ఆదిలాబాద్ గోండు పంచ్

1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం పోరాటం నెత్తుటి మడుగులో ముగిసిన తరువాత, నిజాం ప్రభుత్వం గిరిజనుల స్థితిగతుల అధ్యయనానికి మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ సేవలను వినియోగించుకుంది. మార్లవాయి గ్రామంలో నివసించి ఆయన చేసిన పరిశోధన 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండులపై గ్రంథంగా వెలువడింది. గ్రామ పట్ల, పెద్దలు కలిసిన పంచ్ గోండుల వివాహ వివాదాలను తీర్చేదని ఆ అధ్యయన పరంపర తెలుపుతుంది. భార్య మరొకరితో వెళ్లినప్పుడు, కొత్త భర్త మొదటి భర్తకు పరిహారం చెల్లించడం, పంచ్‌కు జుర్మానా కట్టడం ఆచారం. స్త్రీ మరో కాపురం కట్టుకోవడాన్ని జీవితకాలపు కళంకంగా కాక, లెక్క తేల్చుకుని ముగించదగిన వ్యవహారంగా ఈ సమాజం చూసింది.

ఇక్కడి సన్నాహం మైదాన ప్రాంతపు సన్నాహానికి భిన్నమైనది. కట్నం కాక ఓలి ఆచారమైన చోట, తిరిగి ఇవ్వవలసిన లెక్క వరుని వైపు నుంచి మొదలవుతుంది. అందువల్ల పంచ్ ముందుకు వచ్చే ప్రశ్న పరిహారం ఎంత, ఎవరు చెల్లించాలి అన్నది. పిల్లలు తండ్రి వంశానికి చెందుతారనే భావన బలంగా ఉండడంతో, ఆ విషయంలో తల్లి బేరం చేయగలిగే వీలు తక్కువ. విడిపోయే స్వేచ్ఛ ఎక్కువ, పిల్లలపై హక్కు తక్కువ అనే ఈ వైరుధ్యాన్ని విస్మరించి గిరిజన ఆచారాన్ని స్త్రీకి సంపూర్ణంగా అనుకూలమైనదిగా వర్ణించడం సరికాదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం రెండవ సెక్షన్, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదని పేర్కొంది. 1996 నాటి పెసా చట్టం ఆచారబద్ధమైన వివాద పరిష్కార పద్ధతులను కాపాడే సామర్థ్యం గ్రామసభకు ఉందని గుర్తించింది. ఉట్నూరు కేంద్రంగా పనిచేసిన రాయ్ సెంటర్లు, వాటి సార్మేడీలు ఈ సంప్రదాయానికి నేటి రూపం. అయితే ఆచారాన్ని అనుసరించి విడిపోయామని న్యాయస్థానంలో చెప్పుకునేవారు ఆ ఆచారాన్ని వివరంగా ప్రస్తావించి, రుజువు చేయాలి. నోటిమాటగా ముగిసిన పంచ్ నిర్ణయానికి ఈ దశలో కాగితం కావలసి వస్తుంది. పింఛను, భూమి పట్టా, ఉద్యోగ నామినీ మార్పు వంటి సందర్భాలలో ఈ లోటు బయటపడుతుంది.

4. సంఘం ముందుకు వచ్చిన సంసారం

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరల గడీలలో సాగిన పంచాయితీలను, వాటి జుర్మానాలను రైతుకూలీ సంఘాలు సవాలు చేశాయి. వెట్టి, కూలి, భూమి సమస్యలతో మొదలైన సంఘాల ముందుకు అనతికాలంలోనే కుటుంబ తగాదాలు కూడా వచ్చాయి. భార్యను వదిలేసిన భర్త, రెండో పెళ్లి, తాగి కొట్టడం వంటి ఫిర్యాదులు ప్రజాపంచాయితీలలో సామాన్యమయ్యాయి. 1984–85లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దు కావడంతో పాత గ్రామాధికారపు ఆఖరి ఆధారం కూడా పోయింది.

ఈ దశ తెచ్చిన ముఖ్యమైన మార్పు స్త్రీ తానే వచ్చి చెప్పుకోవడం. కులపెద్ద అనుమతి, పుట్టింటి అండ లేకపోయినా తన కష్టాన్ని పదిమంది ముందు పెట్టే దారి కొందరికి దొరికింది. మరోవైపు తీర్పు వెనుక ఉన్న బలం భయం. భయంతో అంగీకరించిన రాజీ మూలార్థంలో రాజీ కాదు. అప్పీలు చేసుకునే చోటు లేదు. బయటి బలం వెనక్కి తగ్గిన నాడు ఆ నిర్ణయానికి రక్షణ కూడా లేదు. అయినప్పటికీ, ఇంటి గుట్టుగా ఉండిపోయిన హింసను ప్రజా సమస్యగా మాట్లాడే అలవాటు ఈ ప్రాంతంలో బలపడడానికి ఆ దశ దోహదం చేసిందని చెప్పవచ్చు.

5. చట్టం, న్యాయస్థానం, మధ్యవర్తిత్వం

హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమలులోకి వచ్చేనాటికి కరీంనగర్, ఆదిలాబాద్ ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాయి. కోస్తా, రాయలసీమలకు వర్తించిన 1949 నాటి మద్రాసు విడాకుల చట్టంతో ఈ ప్రాంతానికి సంబంధం లేదు. కొత్త చట్టం న్యాయస్థానం ద్వారా విడాకులను ప్రవేశపెడుతూనే, 29వ సెక్షన్ ద్వారా ఆచారబద్ధమైన విడాకుల హక్కును కూడా నిలిపింది. 23వ సెక్షన్ దంపతులను కలిపే ప్రయత్నం న్యాయస్థానం బాధ్యత అన్నది. 1976 సవరణ పరస్పర అంగీకార విడాకులను చేర్చింది. పంచాయితీలలో ఎప్పటినుంచో ఉన్న 'ఇద్దరికీ ఇష్టమై విడిపోవడం' ఈ సవరణతో చట్టరూపం పొందింది.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం తొమ్మిదవ సెక్షన్ రాజీ యత్నాన్ని న్యాయమూర్తి విధిగా చేసింది. పదమూడవ సెక్షన్ న్యాయవాది ద్వారా వాదించడం పక్షాల హక్కు కాదన్నది. దంపతులే నేరుగా మాట్లాడాలన్న ఆశయం దీని వెనుక ఉంది. 1995 నవంబరు 9న అమలులోకి వచ్చిన న్యాయసేవల అధికార సంస్థల చట్టం లోక్ అదాలత్ రాజీకి డిక్రీతో సమానమైన విలువ ఇచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కొత్త రూపంలో 2002 జులై 1 నుంచి అమలైంది. 2005లో సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వ కమిటీ ఏర్పడి, 40 గంటల శిక్షణ పొందిన మధ్యవర్తుల వ్యవస్థకు పునాది వేసింది.

ఈ పరిణామంలో తెలుగు నేలకు చెందిన రెండు ఘట్టాలు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. మొదటిది 2003లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ. వేధింపుల నేరమైన 498ఎ కేసును న్యాయస్థానం అనుమతితో రాజీ చేసుకునే వీలు అది కల్పించింది. రాజీ కోరిన నాటి నుంచి కనీసం మూడు నెలలు గడవాలని, ఆ లోపు ఎవరూ వెనక్కి తగ్గకూడదని షరతు పెట్టింది. ఒత్తిడితో ఇచ్చిన అంగీకారం నిలకడగా ఉండదన్న గ్రహింపు ఆ మూడు నెలల గడువులో కనిపిస్తుంది.

రెండవది 2013 ఫిబ్రవరి 22 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఆ అప్పీలులో 1999 ఏప్రిల్‌లో వివాహమైన జంట రెండు మూడు రోజులకే విడిపోయింది. కారణం దంపతుల మధ్య కలహం కాదు. పెళ్లి మరునాడే ఇరువైపుల పెద్దల మధ్య మొదలైన తగాదా చెప్పులు విసురుకునేదాకా వెళ్లింది. అది పద్నాలుగేళ్లపాటు కేసులుగా పెరిగింది. ఈ సందర్భంలోనే సుప్రీంకోర్టు మూడు ఆదేశాలు ఇచ్చింది. సలహాదారుల ప్రయత్నం విఫలమైనా, పక్షాలు అంగీకరిస్తే కుటుంబ న్యాయస్థానాలు కేసును మధ్యవర్తిత్వ కేంద్రానికి పంపాలి. 498ఎ కేసులలోనూ రాజీకి వీలుంటే, ఆ చట్టపు పదును తగ్గకుండా, పంపవచ్చు. కేసు వేయకముందే సంప్రదించగల విభాగాలను మధ్యవర్తిత్వ కేంద్రాలు ఏర్పాటు చేయాలి. పెద్దల వ్యవస్థ వైఫల్యానికి దర్పణం వంటి కేసు నుంచే మధ్యవర్తిత్వానికి దేశవ్యాప్త ప్రోత్సాహం వెలువడడం చారిత్రకంగా గమనార్హమైన విషయం.

6. నేటి సన్నాహం: కాగితం, లెక్క, మాట

మధ్యవర్తిత్వ గదిలో సాగే క్రమం పంచాయితీ క్రమానికి దాదాపు తలకిందులైనది. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇరువురితో కలిపి, తరువాత విడివిడిగా మాట్లాడతాడు. అక్కడి మాట బయటికి పోదు. రాజీ కుదిరితే ఒప్పందాన్ని, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క మాటను మాత్రమే న్యాయస్థానానికి పంపాలని సుప్రీంకోర్టు 2010లో నిర్దేశించింది. తప్పు ఎవరిదన్న ప్రశ్న స్థానంలో ఇకపై ఎలా అన్న ప్రశ్న వస్తుంది. అందుచేత తప్పుల జాబితాతో వచ్చినవారు ఆ గదిలో సిద్ధపడనివారి కిందే లెక్క. సన్నాహం స్వరూపం ఇక్కడ మూడు విధాలుగా మారింది.

మొదటిది కాగితం. వధూవరులకు వచ్చిన కానుకల జాబితాను రాసి సంతకాలతో ఉంచాలని 1985 నాటి వరకట్న నిషేధ నియమాలు చెప్పాయి. ఆచరణలో ఆ జాబితా అరుదు. పెళ్లి ఫోటోలు, బంగారు దుకాణపు రసీదులు, బ్యాంకు పద్దులు ఆ లోటు తీర్చే ఆధారాలయ్యాయి. పెళ్లినాటి పెద్దల జ్ఞాపకం చేసిన పని నేడు ఇవి చేస్తున్నాయి. స్త్రీధనం భర్త చేతిలో ఉన్నా అది ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. దానిని విడిగా రాసుకుని రావడం భరణపు చర్చకు ముందే జరగవలసిన పని.

రెండవది లెక్క. 2020 నవంబరు 4 నాటి తీర్పులో సుప్రీంకోర్టు భరణం కేసులన్నింటిలోనూ ఆస్తి, అప్పు, ఆదాయాల ప్రమాణపత్రం దాఖలు చేయాలని నిర్దేశించి నమూనాలు జతచేసింది. వ్యవసాయ కుటుంబాలకు ప్రత్యేక నమూనా ఇచ్చింది. ఉత్తర తెలంగాణ జీవనోపాధులు ఈ నమూనాల్లో ఎంతవరకు ఇముడుతాయన్నది పరిశీలించదగిన విషయం. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుగనుల కార్మికునికి జీతపు చీటీ, భవిష్యనిధి లెక్క స్పష్టంగా ఉంటాయి. సిరిసిల్ల మరమగ్గాల కార్మికునికి వారం వారం మారే కూలి. బీడీలు చుట్టే స్త్రీకి వెయ్యి బీడీల లెక్కన వచ్చే రాబడి, ఆ గుర్తింపు కార్డు, భవిష్యనిధి ఆమె సొంత ఆస్తి అన్న సంగతి చర్చలో తరచు మరుగున పడుతుంది. అతని ఆదాయాన్ని నిరూపించడం ఎంత ముఖ్యమో, తన శ్రమ విలువను లెక్కగట్టుకోవడం ఆమెకు అంత ముఖ్యం. పిల్లల చదువు, వైద్యం, ఇంటి కిరాయి నెలవారీగా రాసుకుని వచ్చినవారి మాటకు గదిలో బరువు ఎక్కువ. తల్లిదండ్రులు తమలో తాము కుదుర్చుకున్న రాజీ పిల్లల హక్కులను హరించలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పిల్లల పద్దును పెద్దల బేరసారాల నుంచి వేరు చేయడం అవసరం.

మూడవది మాట. ఏది తప్పనిసరిగా కావాలి, ఏది వదులుకోగలం, రాజీ కుదరకపోతే ఎదురయ్యే మంచి ఫలితం ఏది, చెడ్డ ఫలితం ఏది అని ముందే ఆలోచించుకోవడం మధ్యవర్తిత్వ శిక్షణలో ప్రధానమైన అంశం. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడన్న లోకోక్తి ఈ ఆలోచననే సంగ్రహంగా చెబుతుంది. ఈ ఆలోచనకు న్యాయ సలహా తోడు కావాలి. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయ పరిమితితో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, మండల కమిటీలు, 15100 సహాయ సంఖ్య ఇందుకు ద్వారాలు. మధ్యవర్తిత్వానికి ముందే ఈ సహాయం పొందడం, ఒకప్పుడు మేనమామను వెంటబెట్టుకుని వెళ్లడంతో పోల్చదగిన సన్నాహం. తేడా ఒక్కటే. ఇక్కడ సలహాదారు ఆమె పక్కన కూర్చుంటాడు. మాట్లాడేది ఆమె.

ఒప్పందపు రాతలోనూ సన్నాహం అవసరమే. పరస్పర అంగీకార విడాకులలో రెండు దశలు ఉన్నాయి. వాటి మధ్య ఆరు నెలల గడువును తగిన సందర్భాలలో సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. సొమ్ము ఏ దశలో ఎంత చెల్లించాలి, కేసులు ఎప్పుడు ఉపసంహరించుకోవాలి, బంగారం ఎవరి సమక్షంలో తిరిగి ఇవ్వాలి అన్నవి తేదీలతో సహా రాయకపోతే పాత తగవే కొత్త రూపంలో మళ్లీ తలెత్తుతుంది. పంచాయితీ కాలంలో ఈ భరోసాను జమానతు ఇచ్చింది. నేడు దశలవారీ చెల్లింపు, డిక్రీ ఆ స్థానంలో ఉన్నాయి.

7. పూరింపబడని ఖాళీలు

ఈ మార్పు అందరికీ సమానంగా అందలేదు. గల్ఫ్ వలస ఇందుకు ఒక ఉదాహరణ. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా సాగుతున్న వలసలో భర్త దుబాయిలోనో, సౌదీలోనో ఉంటే, రాజీకి కూర్చునేది అతని తండ్రో, అన్నో. అలా పెద్దల పంచాయితీ లక్షణం మధ్యవర్తిత్వ గదిలోకి తిరిగి ప్రవేశిస్తుంది. వైవాహిక వివాదాలలో రాజీ యత్నం ముగిసిన తరువాతే వీడియో ద్వారా విచారణకు అనుమతించవచ్చని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ముఖాముఖి మాటకు, గోప్యతకు ఇచ్చిన విలువ అందులో ఉంది. సెలవు దొరకని వలస కార్మికుని విషయంలో మాత్రం ఆ విలువే నిరీక్షణగా మారుతుంది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం ఇరుపక్షాల రాతపూర్వక అంగీకారంతో ఆన్‌లైన్ మధ్యవర్తిత్వానికి చోటు కల్పించడం ఈ నేపథ్యంలో ముఖ్యమైనది.

రెండవ ఖాళీ కాగితం లేని విడిపోవడం. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రారంభించినప్పుడు, భర్త నుంచి విడిపోయి జీవిస్తున్న స్త్రీలు ఒక ప్రత్యేక వర్గంగా ప్రభుత్వ గణనలోకి వచ్చారు. విడాకులు, వైధవ్యం అనే రెండు గడులకు వెలుపల మిగిలిన జీవితాలకు అది గుర్తింపు. వీరిలో అనేకుల విషయంలో పెద్దమనుషుల మాటే ఆఖరి నిర్ణయం.

మూడవది హింస. దెబ్బలు తిన్న స్త్రీని కొట్టినవాని ఎదుట కూర్చోబెట్టి రాజీ మాట్లాడించడం సమ్మతి అనే పునాదినే కదిలిస్తుంది. 2005 నాటి గృహహింస చట్టం రక్షణ ఉత్తర్వులకు, రక్షణాధికారులకు ఏర్పాటు చేసింది. భద్రత ముందు, రాజీ తరువాత అన్న క్రమం సన్నాహంలో మొదటి సూత్రం కావలసి ఉంది. పంచాయితీ ఈ భేదాన్ని పాటించలేదు. మధ్యవర్తిత్వం పాటించకపోతే అది పంచాయితీకి మరో పేరుగానే మిగులుతుంది.

2023 నాటి చట్టం సముదాయ మధ్యవర్తిత్వాన్ని కూడా గుర్తించింది. స్థానిక శాంతికి భంగం కలిగించే వివాదాలను ముగ్గురు మధ్యవర్తుల బృందం పరిష్కరించవచ్చు. ఆ ఒప్పందానికి మాత్రం డిక్రీ విలువ ఇవ్వలేదు. రచ్చబండకు మళ్లీ చోటిస్తూనే, దానికి శాసించే అధికారం ఇవ్వకపోవడం గత శతాబ్ది అనుభవం నేర్పిన జాగ్రత్తగా భావించవచ్చు.

ముగింపు

ఉత్తర తెలంగాణలో విడాకుల రాజీ సన్నాహం శతాబ్ది కాలంలో కుటుంబం చేతి నుంచి వ్యక్తి చేతికి, జ్ఞాపకం నుంచి పత్రానికి, బహిరంగ రచ్చ నుంచి గోప్యమైన గదికి మారింది. ఈ మార్పులో స్త్రీకి దక్కిన లాభం తన మాట తానే చెప్పుకునే అవకాశం. కోల్పోయినది మాట తప్పినవానిని నిలదీసే ఊరి సాక్ష్యం. గోండు పంచ్ విడిపోవడాన్ని కళంకం చేయలేదు. పల్లె పంచాయితీ జమానతు ద్వారా మాటకు కట్టుబాటు తెచ్చింది. రైతుకూలీ సంఘం స్త్రీని ముందుకు పిలిచింది. న్యాయస్థానం సమ్మతికి రాతను, అమలుకు బలాన్ని ఇచ్చింది. ఏ వేదికా సంపూర్ణం కాదు, ఏదీ పూర్తిగా నిరుపయోగం కాదు.

రాజీ అనే మాటకు సమ్మతి అనే మూలార్థం నిలవాలంటే సమ్మతించే వ్యక్తికి తన లెక్క తనకు తెలిసి ఉండాలి, తన హక్కు తనకు తెలిసి ఉండాలి, కాదనగల ధైర్యం ఉండాలి. ఈ మూడింటినీ సమకూర్చేదే సన్నాహం. బీడీ కార్మికురాలి రాబడిని, నోటిమాటగా ముగిసిన పంచ్ నిర్ణయాన్ని, గల్ఫ్‌లో ఉన్న భర్త సంపాదనను పట్టించుకునే నమూనాలు ఈ ప్రాంతపు మధ్యవర్తిత్వ కేంద్రాలలో రూపొందినప్పుడే తగవు అనే మాట తన పాత అర్థానికి, అంటే తగినదానికి, చేరువవుతుంది.